తాగనివాడి తూలుడు

కొత్తగూడలో ప్లాట్లు అమ్మిపెట్టే పెద్దన్నకు, కొత్తగా లేచిన సైబర్ టవర్స్ వైపు తలెత్తినప్పుడల్లా నేల పక్కకు జరిగేది. ఆ బిల్డింగు చూపించకుండా గజం ధర చెప్తే కొనేవాడు నవ్వుతాడు. అందుకని రోజూ తలెత్తేవాడు, రోజూ నేల జరిగేది.

ఎదురింటి సురేంద్ర గ్యాస్ అన్నాడు. మేడమీది ఆయన మంచానికి వాస్తు లేదంటే మంచం తిప్పారు. తర్వాత పెద్దన్న తూర్పు వైపు పడ్డాడు. వచ్చిన మార్పు అదొక్కటే.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ, నరం పట్టింది. జర మెడ ఢీల ఇడువుండ్రి" అని సెలూన్ ఎల్లేశం మెడను అటూ ఇటూ టకటకమనిపించాడు. ఇల్లు చేరేసరికి పెద్దన్నకు నాలుక మందమై, గుమ్మాలు రెండు కనబడ్డాయి. లేనిదాన్ని ఎంచుకుని గోడకు గుద్దుకున్నాడు.

"తాగొచ్చినావా?" అంది భార్య లక్ష్మీదేవి.

పెద్దన్న పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టలేదు. కానీ రోగిష్టి బ్రోకర్‌ని నమ్మి ఎవడూ ప్లాటు కొనడు, ఇంట్లోవాళ్లు స్కూటర్ తాళాలివ్వరు. తాగే బ్రోకర్లకు మాత్రం బేరాలు బ్రహ్మాండంగా నడుస్తున్నాయి.

"ఊఁ, తాగినా" అన్నాడు.

ఆమె మాటలు మానేసింది. వారం తిరక్కుండా, కూతురు అశ్వినిని కాలేజీలో దింపబోతూ పెద్దన్న వెనక్కి తల తిప్పాడు. కళ్లకు చీకట్లు కమ్మి, స్కూటర్ ఇసుక కుప్పెక్కింది. పిల్ల మోచేయి చీరుకుపోయింది.

లక్ష్మీదేవి ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లింది. "పిల్లకు కట్టు గట్టినారు, చాలు సార్. ఈయప్పకు తాగుడు మాన్పీండి."

"ఎన్నాళ్ల నుంచి తాగుతున్నారండీ?"

ఔనంటే ఏవో మాత్రలిస్తారు, స్కూటర్ మిగుల్తుంది. పెద్దన్న కూతురి కట్టు వైపు చూశాడు.

"నేను తాగను సార్."

"ఇంగ ఇదొకటి!" అంది భార్య.

"అందరూ అలాగే అంటారండి" అన్నాడు డాక్టరు, రాస్తూనే.

పెద్దన్న గబగబా అంతా చెప్పేశాడు. తలెత్తడం, తిప్పడం, రెండు గుమ్మాలు, ఎల్లేశం. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, మెడ మీద స్టెతస్కోపు ఆనించాడు. తలను మెల్లగా ఎడమకు తిప్పించాడు. వెంటనే పెద్దన్న కుర్చీలోంచి జారబోతే పట్టుకున్నాడు.

"మెదడు వెనక భాగానికి రక్తం సరిగా అందట్లేదనిపిస్తోందండి. మెడ స్కానింగు చేయించి ఖాయం చేసుకుందాం. అందాకా స్కూటర్ వద్దు. ఇక మెడ విరిపించుకోవడం అంటారా, జన్మలో వద్దు. ఈ జబ్బును ఇలాగే వదిలేస్తే పక్షవాతం రావచ్చు."

"మరి ప్లాట్లు ఎట్ల చూపీయాల సార్?"

"తలెత్తకుండా చూపించండి."

లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిజంగా తాగింటే ఎంత బాగుండునయ్యా" అని వెక్కింది.

పెళ్లయ్యాక పెద్దన్నకు మొదటిసారి ఆమె మాట సబబే అనిపించింది. ఔనని తల ఊపబోయి, భయమేసి ఆగిపోయాడు.