ఆపే అధికారం

ప్రమాదం మీద రిపోర్టు ఇంగ్లీషులోనే ఉండాలన్నాడు మా మిల్లు సారు రాఘవ్. వాక్యం కూడా ఆయనే చెప్పాడు. టీమ్ లీడర్ పార్వతమ్మ తనకున్న అధికారాన్ని సకాలంలో వినియోగించలేదు, అందువల్లే ప్రమాదం జరిగింది అని. కింద ఆమె సంతకానికి గీత గీయమన్నాడు.

ఆదోనిలో ఈ పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసులో నాది ఉద్యోగం. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మిల్లులో కూడా ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా బల్ల మీదికే వస్తుంది.

పార్వతమ్మ పద్దెనిమిదేళ్లుగా షెడ్డులో మేస్త్రి. ముప్పై మంది ఆడవాళ్లు మిషన్లకు పత్తి అందిస్తుంటే వాళ్ల మధ్య తిరుగుతూనే ఉండేది. ఎవరి కొంగో, జడో బెల్టు వైపు పోతోందనిపిస్తే గోడకు వేలాడే రేకు మీద ఇనుప కడ్డీతో ఒక్కటి కొట్టేది. ఆ చప్పుడుకు స్విచ్చు దగ్గరున్న తిరుపాల్ ఎందుకని అడక్కుండా అన్నీ ఆపేసేవాడు. కొన్నిసార్లు ఉత్తపుణ్యానికే ఆపించేది. మిల్లు యజమాని పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఒక్క మాట అనలేదు.

పెద్దాయన కొడుకే రాఘవ్. బెంగళూరులో బిజినెస్ కోర్సు చేసి వచ్చి, దసరా ముందు ఒక ఇంగ్లీషు కాగితం తీసి అందరి ఉద్యోగాలకూ కొత్త పేర్లు పెట్టాడు. పార్వతమ్మ టీమ్ లీడర్. తిరుపాల్ లైన్ ఆపరేటర్. నేను అడ్మిన్ ఎగ్జిక్యూటివ్. ఆయన ఆపరేషన్స్ హెడ్. మిషన్లు ఆపే నిర్ణయం ఇక హెడ్‌దేనని ఆ కాగితం చివర ఉంది. రేకు తీసేయించాడు.

ఆ కాగితాన్ని షెడ్డులో చదివి అర్థం చెప్పింది నేనే.

"లీడరంటే? ఓట్లకొచ్చి దండాలు పెడతారే, వాళ్లా?" అంది మిషన్‌కు పత్తి అందించే అక్బర్‌బీ. అందరూ నవ్వారు.

"కాదక్కా, మేస్త్రి కంటే పెద్దది. పార్వతక్కకు ప్రమోషన్" అన్నాను.

"మరి ఆపేదెట్ల?" అని అడిగింది పార్వతమ్మ.

"సారుకు సెప్పి ఆపించాల, అంతే" అన్నాను.

అంతే! కాలేజీలో నాయకత్వం మీద పాఠం ఉండేది. అథారిటీ, ఎంపవర్, డెలిగేట్. అర్థాలు బట్టీ పట్టాను. డెలిగేట్ అంటే తన అధికారాన్ని కిందివాళ్లకు అప్పగించడమని రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ కాగితంలో ఆ మాట మూడుసార్లు ఉంది. అప్పగించిందేమిటో, లాక్కున్నదేమిటో చూడలేదు. మంచి ఇంగ్లీషు అని మురిసిపోయాను.

మొన్న సోమవారం అక్బర్‌బీ తలగుడ్డ కొస బెల్టులో పడింది. విడిపించుకోబోతే చెయ్యి పోయింది లోపలికి. పార్వతమ్మ ఆపమని అరిచింది. తిరుపాల్ స్విచ్చు మీద చెయ్యి వేసి, తీసేసి, ఫోను పట్టుకున్నాడు. అంతకు ముందు వారమే, అడక్కుండా ఆపినందుకు అందరి ముందూ రాఘవ్ చేత తిట్లు తిన్నాడు. రాఘవ్ ఎమ్మిగనూరులో ఎవరో వ్యాపారితో మాట్లాడుతున్నాడు. ఫోను తీయలేదు. పార్వతమ్మ పరుగెత్తి, తిరుపాల్‌ని తోసేసి తనే ఆపింది. అప్పటికే రెండు వేళ్లు నలిగిపోయాయి. కర్నూలు ఆసుపత్రిలో వాటిని తీసేశారు.

ఇప్పుడు రాఘవ్ పార్వతమ్మను ఆఫీసుకు పిలిపించాడు.

"ఏం లేదమ్మా, ఫార్మాలిటీ. ఈడ సంతకం పెట్టు."

ఆమె నా వైపు తిరిగింది. "ఏముంది పాపా దాంట్లో?"

"జరిగిందే రాసినాంలే" అన్నాడు రాఘవ్.

"ఆపే హక్కు నీకుండిందని, నువ్వు ఆపలేదని, తప్పంతా నీదేనని రాసినారక్కా" అన్నాను.

ఆమె తిట్టింది ఆయన్ని కాదు, నన్ను.

"హక్కా? గొంతు సించుకోని అర్సితి గదే! ఆ పొద్దు ప్రమోషన్ అని సెప్పింది నువ్వే గదా! వీధంతా బెల్లం పంచితి. ఇప్పుడా అర్థం సెప్పేది? దాని వేళ్లు పోయినంకనా?"

బల్ల మీది కాగితాన్ని నా వైపు లాక్కున్నాను.

"లీడర్‌షిప్ అంటే బాధ్యత తీసుకోవడం పార్వతమ్మా" అన్నాడు రాఘవ్, పాఠం చెప్తున్నట్టు.

ఒళ్లు మండిపోయింది. "బాధ్యత ఆమెకా? అధికారం మీకా? తిరుపాలన్న మూడుసార్లు ఫోన్ చేస్తే తీసినారా సార్?"

"ముస్రత్, నీ లిమిట్‌లో ఉండు. ఎవరిచ్చినారు నీకు అథారిటీ?"

"ఎవరూ ఇయ్యలేదు సార్. ఇచ్చేదాంకా కాసుక్కూర్చుంటే ఏమైతాదో సోమవారం సూసినాం."

కాగితం చించేశాను. ఇంకొకటి తీసుకొని షెడ్డులోకి నడిచాను. అన్నాల వేళ, మిషన్లు ఆగి ఉన్నాయి. పత్తి నింపిన బోరెం మీద కూర్చొని తెలుగులో రాశాను, రాస్తూ పైకి చదివాను. పార్వతమ్మ ఆపమని అరిచింది. ఆపే అధికారం ఆమె దగ్గర నుంచి దసరా ముందు తీసేశారు. ఆ అధికారం ఉన్న రాఘవ్ గారు ఫోను తీయలేదు. చివరికి పార్వతమ్మే స్విచ్చు ఆపింది. దీన్ని లేబర్ ఆఫీసుకు ఇస్తున్నాం.

రాఘవ్ గుమ్మంలో నిలబడి, "సంతకం పెట్టినోళ్లకు రేపట్నుంచి పని ల్యాదు" అన్నాడు.

తిరుపాల్ వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"నన్ను ఇడ్సిపెట్టినావే పాపా. ఆయమ్మ అరుస్తాంటే నేను ఫోను పట్టుకోని నిలబడితి. అది గూడ రాయి."

"అన్నా, నీకు..."

"రాయమంటి గదా!"

రాశాను. ఆయన సంతకం పెట్టి, రాఘవ్ వైపు చూడకుండా పక్కకు జరిగాడు. నలుగురు లేచారు, తర్వాత ఇంకొందరు. కొందరు తల వంచుకొని టిఫిన్ గిన్నెలు సర్దుకున్నారు. వాళ్లనేమీ అనలేను.

చివర పార్వతమ్మ వచ్చింది. పెన్ను అందుకుంది గాని సంతకం పెట్టలేదు.

"మొదట్నుంచి ఇంకోసారి సదువు" అంది. నా కళ్లలోకే చూస్తోంది. "ఆ పొద్దు మాదిరి ఒక్క మాట గూడ మింగొద్దు."

మొదటి నుంచి చదివాను.