ఇష్టపూర్వకంగా వెళ్ళినవాళ్ళు

లాస్ ఏంజెలస్‌లో మా బాయిల్ హైట్స్ పేటలో నాది జ్ఞానస్నానపు సరుకుల కొట్టు. తెల్ల గౌన్లు, కొవ్వొత్తులు, జపమాలలు. పేటలో పిల్లలు పుడుతున్నంత కాలం నా బేరానికి ఢోకా లేదనేది నా లెక్క. తొంభైనాలుగులో ఆ లెక్క తడబడింది. కాగితాలు లేనివాళ్ళకు ఆసుపత్రీ బడీ లేకుండా చేసే చట్టం మీద నవంబరులో ఓటింగు పెట్టారు. జనం భయపడి వేడుకలు మానుకున్నారు. అది నష్టమే, కానీ తట్టుకోగలిగిన నష్టం.

తట్టుకోలేనిది మా ఇంట్లోనే వచ్చింది. మా అమ్మ హెర్లిందా, డెబ్బై ఏళ్ళ మనిషి, మెక్సికోలో సకతేకాస్ దగ్గర తమ్ముడున్న పల్లెకు శాశ్వతంగా వెళ్ళిపోతానని బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"నీకు గ్రీన్ కార్డు ఉంది కదమ్మా, నిన్నెవడు పంపిస్తాడు?" అన్నాను.

"పంపించేదాకా కూర్చోమంటావురా?" అంది.

బతిమాలడం నాకు చేతకాదు, బేరం చేతనవును. అక్క కూతురు నోయెమీ హైస్కూల్లో చరిత్ర చెబుతుంది. పాఠ్యపుస్తకాల్లో మా మెక్సికన్ల ఊసు లేదని తోటి టీచర్లతో కలిసి తనే పాఠాలు రాస్తోంది. అప్పుడు రాస్తున్నది పంతొమ్మిదివందల ముప్పైల సంగతి. పనులు పోయిన రోజుల్లో మావాళ్ళను రైళ్ళకెక్కించి మెక్సికోకు పంపిన కథ. "అమ్మమ్మను కూర్చోబెట్టి పాతవి అడగవే. మాటల్లో పడితే ప్రయాణం వెనకబడుతుంది" అన్నాను. నేను వేసిన ఎత్తు అంతే.

ఆదివారం అమ్మ వంటింట్లో బల్ల ముందు కూర్చుని కూరకని నాగజెముడు ఆకుల ముళ్ళు కత్తితో గీస్తోంది. నోయెమీ పక్కన చేరింది.

"అమ్మమ్మా, అంతా ఏడుపే రాస్తే మా పిల్లలు నిద్రపోతారు. ఏదైనా నవ్వొచ్చేది చెప్పు."

"నా జ్ఞానస్నానం సంగతి చెప్పనా? మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. నా జ్ఞానతండ్రి ఒట్టి పిసినారి, అచ్చం మీ మామయ్యే."

"మధ్యలో నేనేం చేశాను?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకోరా. చర్చి బయటికి రాగానే పిల్లలకు చిల్లర చల్లాలి కదా, ఆయన చల్లడే! పిల్లలు 'బోలో, బోలో' అని ఆ చిల్లర కోసం అరుస్తూ వెంటపడ్డారట. చిరాకేసి గుప్పెడు విసిరితే అవి పోయి ట్రాము పట్టాల మీద పడ్డాయి. పిల్లమూకంతా పట్టాల మీదే. ట్రాము ఆగింది. డ్రైవరు దిగి అందరినీ తిట్టి, తనూ ఒకటి ఏరుకుని మళ్ళీ ఎక్కాడట!"

నేను పగలబడి నవ్వాను. నోయెమీ నవ్వలేదు.

"సకతేకాస్ పల్లెలో ట్రామేంటి అమ్మమ్మా?"

"పల్లెలో ట్రామేంటే పిచ్చిదానా! ఇక్కడ, ఫస్ట్ స్ట్రీట్ మీద."

"అంటే... నువ్వు పుట్టింది?"

"ఇక్కడే. ఇటుకల బట్టీ పక్క ఇంట్లో. ఏడేళ్ళప్పుడు పంపించేశారు. అక్కడ బడిలో చేర్చుకోవడానికి మా నాన్న నేను అక్కడే పుట్టినట్టు రాయించాడు. పెద్దయ్యాక ఆ కాగితంతోనే ఇక్కడికొచ్చాను."

గ్రీన్ కార్డు మార్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆమెతో పాటు వలస ఆఫీసు క్యూలో నిలబడ్డవాణ్ణి నేను. కిటికీ అవతలి మనిషి తలెత్తి చూస్తే చాలు, అమ్మ నా వెనక్కి జరిగేది. తన సొంత సరుకును జీవితమంతా అప్పు అడుగుతూ గడిపింది మా అమ్మ.

"అమ్మా! నువ్వు ఈ దేశం మనిషివి! ఎన్నడూ చెప్పలేదేం?"

"ఒకప్పుడురా. పంపించేశాక ఇంకేం మిగులుతుంది? పోయినట్టే కదా."

"పోదు అమ్మమ్మా," అంది నోయెమీ. "పుట్టుకతో వచ్చింది పంపించేస్తే పోదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! చర్చిలో జ్ఞానస్నానం పద్దు ఉంటుంది, రేపే వెళ్దాం. ఇక నిన్నెవడూ కదపలేడు" అని అరిచాను.

అమ్మ నన్ను పసివాణ్ణి చూసినట్టు చూసింది.

"అప్పుడూ మా దగ్గర కాగితాలున్నాయి ఫెర్మిన్. మా అమ్మ పిల్లలందరి పుట్టుక కాగితాలూ కౌంటీ ఆఫీసు మనిషికి చూపించింది. ఆయన శ్రద్ధగా చదివాడు. 'బాగున్నాయి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకో అమ్మా, రైల్లో పోతాయి' అన్నాడు."

కాగితమొకటి ఉంటే మనిషికి పూచీ అని నమ్మి బతికినవాణ్ణి. ఆ పూచీ ఏపాటిదో ఇప్పుడు తెలిసింది.

నోయెమీ తను రాసిన పేజీ తీసి నెమ్మదిగా చదివింది. "'అనేక కుటుంబాలు ఇష్టపూర్వకంగా స్వదేశానికి తిరిగి వెళ్ళాయి.' పాత పుస్తకాల్లో ఇలాగే ఉంది అమ్మమ్మా. నేనూ ఇలాగే రాసేశాను."

"తిరిగి వెళ్ళడమేమిటే? ఆ ఊరు నేను అంతకుముందు చూస్తేగా." అమ్మ కత్తి కింద పెట్టింది. "ఇష్టం మాత్రం అడిగారు. అబద్ధం ఎందుకు చెప్పాలి? టికెట్లు బల్ల మీద పెట్టి, 'మీ ఇష్టంతోనేగా వెళ్తున్నారు?' అన్నారు. ఒకడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నాన్న అవునన్నాడు."

అమ్మే మళ్ళీ అడిగింది.

"నేనిప్పుడు వెళ్ళిపోతే నా గురించి ఏం రాస్తావే?"

నోయెమీ ఆ పేజీలోని వాక్యం మీద వేలుపెట్టింది.

"అదే ముక్క రాస్తావు. రాయక ఏం చేస్తావు, నన్నెవరూ మెడబట్టి గెంటలేదుగా." అమ్మ ఆ పేజీని ఆమె ముందుకు తోసింది. "కొట్టెయ్ దాన్ని. గుమ్మంలో మనిషి నిలబడ్డాడని రాయి. మా నాన్న పేరు క్రిసోఫోరో, అది రాయి. నా పేరూ రాయి."

"మరి ప్రయాణం?" అన్నాను.

"ఎవడైనా వచ్చి పంపించనీరా. నేను మాత్రం అవుననను."

నవంబరులో ఆ చట్టమే నెగ్గింది. మర్నాడు పొద్దున్నే అమ్మ ఇంటికి పరుగెత్తుకెళ్ళాను. అమ్మ వీధి తలుపు బార్లా తీసి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.