అరువు గొప్పల రెజ్యూమే

నేను ఒక రెజ్యూమేను. ఒకే ఒక్క కాగితాన్ని. ఇప్పుడొక ఆఫీసు ఫైల్లో హాయిగా పడుకుని ఉన్నాను గానీ, ఈ హాయి నాకు ఊరికే దక్కలేదు.

అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపులో పుట్టాను. పుట్టానని చెప్పుకోవడం కూడా గొప్పే. తణుకు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కోమలికి, సీనియర్ ఫణీంద్ర తన రెజ్యూమే పంపించాడు. "నాకు దీంతోనే జాబ్ వచ్చింది. పేరు మార్చుకో, చాలు" అన్నాడు. అక్కడ అదే ఆచారం. ఒకరికి ఉద్యోగం తెచ్చిన కాగితం హాస్టళ్లన్నీ ప్రసాదంలా తిరుగుతుంది. కోమలి పేరు మార్చింది, చదువు మార్చింది, ఫోన్ నంబరు మార్చింది. గడప కూడా తొక్కని కంపెనీలో రెండేళ్ల అనుభవం, చేతకాని చదరంగం, అన్నీ నా మీద అలాగే ఉండిపోయాయి. అడుగున మాత్రం "పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అని సంతకం పెట్టింది. మనుషులకు ప్రమాణాలంటే ఎంత తేలికో!

పాపం, ఆమె కంగారు ఆమెది. దసరాలోపు ఉద్యోగం రాకపోతే ఇంటికి వచ్చెయ్యమన్నాడు వాళ్ల నాన్న. వెళితే మళ్లీ పంపరని ఆమెకు తెలుసు. నాలాంటి కాపీలు చాలా ఆఫీసులకు వెళ్లాయి, ఒక్కటీ పిలుపు తేలేదు. చివరికి ఒక ఇంటర్నెట్ కంపెనీవాళ్లు పిలిచారు. కస్టమర్ల ఫిర్యాదులు చూసే ఉద్యోగం. దసరా వచ్చే వారమే. దారి పొడుగునా ఆమెకంటే నాకే ఎక్కువ భయం వేసింది, అబద్ధాలు మోసేది నేను కదా.

మేనేజరు శకుంతల గారు నన్ను పైనుంచి కిందిదాకా చదివారు.

"మీ నాన్నగారి పేరేంటమ్మా?"

"వీరభద్రం అండి."

"మరి ఇక్కడ రాఘవరావు అని ఉందే?"

కోమలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాఘవరావు ఫణీంద్ర వాళ్ల నాన్న. అనుభవాన్ని అరువు తెచ్చుకోవడం ఎలాగూ ఉంది, ఈ పిల్ల ఏకంగా తండ్రినే తెచ్చుకుంది! సిగ్గుతో చచ్చిపోయాను.

"మా సీనియర్‌ది చూసి చేశానండి. ఆ కంపెనీ కూడా నాది కాదండి" అంది, ఏడుపు ఆపుకుంటూ.

శకుంతల గారు నన్ను బల్ల మీద పెట్టారు. "నిజంగా ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదా?"

"ఉద్యోగమంటే లేదండి. మా బాబాయిది కేబుల్ ఆఫీసు. కాలేజీ అయ్యాక సాయంత్రాలు ఫోన్లు ఎత్తేదాన్ని. సీరియల్ టైముకి కేబుల్ పోతే ఒకటే తిట్లండి బాబూ! ఏ వీధోళ్లు ఫోన్ చేస్తున్నారో చూసుకుంటే వైరు ఎక్కడ పోయిందో తెలిసిపోయేదండి. కుర్రాళ్లని అటు పంపేసి, వచ్చిందా లేదా అని మళ్లీ నేనే ఫోన్ చేసి కనుక్కునేదాన్ని."

"ఇదంతా వదిలేసి చదరంగం రాశావా!" శకుంతల గారు నన్ను బోర్లా తిప్పి పెన్ను అందించారు. "ఇదే రాయి."

కోమలి గబగబా రాసింది. అక్షరాలు వంకర టింకరగా పడ్డాయి, మధ్యలో కొట్టివేతలు. అయినా నా ప్రాణం లేచి వచ్చింది. మొదటిసారి నా మీద ఆమె తన గురించి తనే రాసుకుంది.

సోమవారం నుంచి రమ్మని చెప్పి, శకుంతల గారు చేతిరాత పైకి ఉండేలా నన్ను ఫైల్లో పెట్టారు. అప్పటికే తలుపవతల కోమలి ఇంటికి ఫోన్ చేస్తోంది.

"వచ్చింది నాన్నా! ఏం పనా? బాబాయి దగ్గర చేసిందే. కాకపోతే వీళ్లు జీతం ఇస్తారు."