కల్నల్ గారి బ్యాట్స్‌మన్

మా కెప్టెన్ లిడన్‌కి బ్యాటు పట్టడం అంత బాగా రావడమే అతని ఖర్మ. పటాలం డాక్టరుగా నేను చాలా జబ్బులు చూశాను గానీ, మంచి ఆట మనిషిని ఇలా తినెయ్యడం ఇతని దగ్గరే చూశాను. తోటివాళ్లంతా యుద్ధాలకు వెళ్లొచ్చి మేజర్లయ్యారు. లిడన్ మాత్రం నలభైకి దగ్గరపడుతూ కెంట్ తీరంలోని ఈ దండులోనే ఉండిపోయాడు. నన్నూ పంపండి మొర్రో అని అడిగినప్పుడల్లా కల్నల్ థర్లో భుజం తట్టి, "ఆగస్టు మ్యాచ్ కానీ, చూద్దాంలే అబ్బాయ్" అనేవాడు.

ఈసారి లిడన్ సొంత కంపెనీయే సూడాన్‌కి ఓడ ఎక్కుతోంది. మ్యాచ్ అయిన మర్నాడే ప్రయాణం.

"సున్నాకే అవుటైపోతా డాక్టర్," అన్నాడు నాతో, ప్యాడ్లు కట్టుకుంటూ. "ఆడలేనివాణ్ణి అట్టే పెట్టుకుని ఆయన మాత్రం ఏం చేసుకుంటాడు?"

అన్నంత పనీ చేశాడు. మొదటి ఇన్నింగ్స్‌లో రెండో బంతినే నేరుగా ఫీల్డరు చేతుల్లోకి లేపి, నవ్వు ఆపుకుంటూ గుడారానికి వచ్చాడు.

కల్నల్ ముఖం వాడిపోయింది. "నీ చూపు చెడిందయ్యా! ఆ బంతే కనబడనివాడికి శత్రువేం కనబడతాడు? నా సిపాయిల్ని నీ చేతిలో ఎలా పెట్టను? కంపెనీని ఆ లెఫ్టినెంట్ హేవుడ్‌కి అప్పగిస్తా."

లిడన్ తెల్లబోయాడు. "నా చూపుకేం కాలేదు సార్!"

"అయితే రెండో ఇన్నింగ్స్‌లో చూపించు."

ఇంక చేసేదేముంది? చూపించాడు. అంత కసిగా ఆడినవాణ్ణి నేనెరగను. బంతులు పోయి పోయి బీరు పీపాల మధ్య పడ్డాయి. టీ వేళకి సెంచరీ కొట్టాడు, మ్యాచ్ గెలిచాం.

కల్నల్ పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. "డేగ చూపయ్యా నీది! ఇలాంటివాణ్ణి ఎడారి పాలు చేస్తానా? నా కంఠంలో ప్రాణం ఉండగా పంపను!"

నాకు ఆ ముసలాయన పీక నులమాలనిపించింది. ఆయనకి లిడన్ మీద ఉన్నది నిజంగా ప్రేమే, అందుకే మరీ ఒళ్లు మండింది.

గెలిపించినవాణ్ణి భుజాల మీద ఊరేగించడం మా పటాలం ఆనవాయితీ. లిడన్ కంపెనీ సిపాయిలే ఎగబడి ఎత్తుకున్నారు.

"దించండ్రా! ఇంక చాలు, దించండి!"

"ఊరుకోండి దొరా," అన్నాడు సార్జెంట్ పెంఫోల్డ్. "రేపు మీరు లేకుండానే పోతున్నాం కదా, ఈ ఒక్కపూటా మోయనివ్వండి."

మైదానమంతా తిప్పారు. పైన కూర్చున్న లిడన్ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. జనం అవి ఆనందబాష్పాలనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.