అవతలి పలక

దూలానికి వేలాడుతున్న కాంటా ఇంకా ఊగుతూనే ఉంది. రాయమల్లు గొలుసులు పట్టుకుని దాన్ని నిలబెట్టాడు, వదిలాడు, మళ్లీ పట్టుకున్నాడు. పొద్దున్నుంచీ ఇదే వరస. మామూలుగా ఈపాటికి చెక్క పలకలు రెండూ తడిగుడ్డతో తుడిచేసి, బెల్లం ముద్దల మీద చేరిన చీమల్ని దులిపేసి, బస్తా మీద కూర్చుని బీడీ కూడా కాల్చేసి ఉండేవాడు. ఇవాళ బీడీ వెలిగించి గుమ్మం మీద పెట్టి మరిచిపోయాడు. అది దానంతటదే ఆరిపోయింది.

వరంగల్ బీటుబజారులో రామలింగం సేటు బెల్లం దుకాణం అది. మేడారం జాతర దగ్గరపడిందంటే ఆ బజారు నిండా బెల్లం వాసనే, ఈగలే, జనమే. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్న మనిషి ఒక పలక మీద కూర్చుంటాడు. అవతలి పలక మీద అతనికి సరితూగేంత బెల్లం పెడతారు. ఆ బెల్లాన్ని అప్పుడు బెల్లమనకూడదు, బంగారమనాలి. నోరు జారితే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు. రెండు పలకలూ సమానంగా నిలిచాక కాంటా పట్టినవాడు "తూగింది" అనాలి. ఆ మాట వినపడేదాకా ఎంత పెద్దమనిషైనా సరే పలక దిగడానికి లేదు.

ఆ మాట అనేవాడు రాయమల్లు. అరవై దాకా ఉంటాయి. బస్తాలు మోసీ మోసీ కుడి భుజం కిందికి దిగిపోయింది. ఎడమ చెవి వినపడదు, అందుకని ఎవరు మాట్లాడినా తల తిప్పి కుడి చెవి అప్పగిస్తాడు. అరచేతులు ఎన్నిసార్లు కడిగినా జిగటగానే ఉంటాయి. బజారంతా అతన్ని బాంబు రాయమల్లు అంటుంది. అతనూ నవ్వుతాడు. పేరు పెట్టినవాళ్ల మీద కోపం తెచ్చుకునే తీరిక హమాలీకి ఎక్కడిది?

ఆ పేరుకో కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు కడుపునిండా తిండి పెడతారని విని పట్నం పోయి నిజాం ఫౌజులో చేరాడు. ఆ ఫౌజు అతన్ని ఓడెక్కించి సముద్రం దాటించింది. అక్కడ జపాన్‌వాళ్లకు చిక్కాడు. ఏళ్లకేళ్లు ఖైదులో మట్టి తవ్వాడు, రాళ్లు మోశాడు, ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఇక నేడో రేపో అనుకుంటున్న రోజుల్లో ఎక్కడో రెండు ఊళ్ల మీద రెండు బాంబులు పడి యుద్ధం ఆగిపోయింది. ఎముకల గూడులా ఇల్లు చేరాడు. కొడుకు తిరిగొస్తే నిలువెత్తు బంగారం ఇస్తానని తల్లి మొక్కుకుని ఉంది. రామలింగం తండ్రి బతికున్న రోజుల్లో ఇదే దుకాణంలో, ఇదే కాంటా మీద అతన్ని కూర్చోబెట్టారు. ముద్దలు రెండు మూడు పడగానే పలక లేచిపోయింది. "అగ్గువకు ఒడిసింది ముసల్దానికి" అని అందరూ పకపకా నవ్వారు. తల్లి కూడా నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. ఆ మర్నాటి నుంచే అతను ఆ దుకాణంలో పనికి కుదిరాడు. పెళ్లయింది, పిల్లలయ్యారు, మనవలొచ్చారు. ఇంతే అతని జీవితం. ఇందులో చెప్పుకోవడానికేముంది అని అతనే అనేవాడు.

నిన్న సాయంత్రం దాకా అనేవాడు. నిన్న సేటు చిన్నకూతురు శారద, కాలేజీలో బీయే చదువుతోంది, నేరుగా దుకాణానికొచ్చింది.

"తాతా, ఎల్లుండి మా కాలేజీల డిబేటు. యుద్ధం ఆపనీకి అణుబాంబు వేసుడు న్యాయమేనా అని సారంగపాణి సారు టాపిక్ ఇచ్చిండు. న్యాయమే అనే పక్షం నాకొచ్చింది. నువ్వు స్టేజీ మీదికొచ్చి ఒక్క మాట చెప్తే చాలు. బాంబు పడవట్టే బతికిన, న్యాయమే అని. గిసుంటి సాక్షి ఇంకెవ్వల దగ్గరుంటడు చెప్పు?"

"వస్తడు తియ్, ఎందుకు రాడు" అని గల్లాపెట్టె దగ్గర్నుంచి సేటు మాటిచ్చేశాడు. "అంగీ నేనే కొనిస్త."

రాయమల్లు "సూద్దాం బిడ్డా" అన్నాడు. అప్పట్నుంచి అతనికి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది. సేటు ఇంటి మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ కాదనలేదు. పైగా ఆ పిల్లను చిన్నప్పుడు భుజమ్మీద ఎక్కించుకుని బజారంతా తిప్పినవాడు. ఒక్క మాటే కదా, అంటే ఏం పోతుంది? పొద్దున కాంటా కట్టేటప్పుడు ఎవరూ వినకుండా అని చూశాడు. "న్యాయమే" అన్నాడు. చుట్టూ చూసి గొలుసు ముడి బిగించాడు. మళ్లీ అనబోయి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం వర్ధన్నపేట నుంచి చిలుకమ్మ అనే ముసలామె మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పిల్ల దవాఖానలో చావు తప్పి బయటపడిందట. పలక మీద కూర్చోబెడితే గొలుసు పట్టుకుని బిక్కచూపులు చూస్తోంది. రాయమల్లు ముద్ద పెట్టాడు, తీశాడు, చిన్నముక్క వేశాడు. పలకలు రెండూ సరిగ్గా నిలిచాయి. అతను మాత్రం నోరు మెదపలేదు. చెయ్యి చాచి, నేల నుంచి పిల్ల తల ఎంత ఎత్తులో ఉందో కొలుస్తున్నట్టు గాలిలో అరచెయ్యి ఆపి, అలాగే నిలబడిపోయాడు.

"ఏందయ్యా, తూగిందా లేదా? పోరి బుగులుపడతాంది" అంది చిలుకమ్మ.

"తూగింది తల్లీ" అన్నాడు ఉలిక్కిపడి.

"సోయి యాడున్నదిరా ఇయ్యాల?" అని సేటు కసిరాడు. అన్నం వేళకు రాయమల్లు సద్ది విప్పి, రొట్టె తుంచి, తినకుండానే మళ్లీ కట్టేశాడు. ఎండలో బజారు చివరిదాకా నడిచి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. తోటి హమాలీ ఎల్లస్వామి "ఏం పోగొట్టుకున్నవే బాంబన్నా?" అని నవ్వాడు. మిగతా హమాలీలతో కలిసి ఎల్లస్వామి ఆ సాయంత్రమే ములుగు మీదుగా జాతరకు పోతున్నాడు. "జర నాకూ జాగ ఉంచుర్రి" అన్నాడు రాయమల్లు. తల్లి మొక్కు తీర్చిన తర్వాత మేడారం ముఖం చూడని మనిషి ఈ మాట అనేసరికి ఎల్లస్వామి నోరు తెరిచాడు.

పొద్దు వాలుతుండగా శారద వచ్చింది, కొత్త అంగీ పొట్లం కూడా తెచ్చింది.

"రేపు నాలుగింటికి తాతా. ఏం చెప్తవో ఒక్కసారి నాకు చెప్పు."

రాయమల్లు బస్తా మీద కూర్చున్నాడు. వెంటనే లేచి నిలబడ్డాడు.

"బాంబు సంగతి మాకు తెలిసిననాడు ఎగిరినం బిడ్డా. రేకు డబ్బాలు కొట్టుకుంట దునికినం. బతికినమని గంత సంతోషం. ఇప్పటికీ సంతోషమే, నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె? మా దిక్కు కావలి ఉండే జపానోడు ఒకడుండె. నా చెవి పలగ్గొట్టింది వాడే. వాడు ఆనాడు నా పక్కకచ్చి కూసున్నడు. వాని ఊరే పోయిందట. మాటలు రావు గద, చెయ్యితోని చూపెట్టిండు. గింతంత పోరి. గింతంత పోరడు." అరచెయ్యి మోకాలి దగ్గర ఆపాడు, నడుము దగ్గర ఆపాడు. "ఎన్క నడుమొంచి చూపెట్టిండు, అవ్వ అన్నట్టు. గుప్పిట తెరిచిండు. ఏం లేదు అండ్ల."

శారద ఆ అరచెయ్యి వైపే చూసింది. కానీ ఆ పిల్ల వాదన తెలిసిన పిల్ల, అంత తేలిగ్గా వదలదు. "అది నిజమే తాతా. గని యుద్ధం ఆగకపోతే ఇంకెన్ని లచ్చల మంది పోతుండ్రి? అండ్ల నువ్వు గూడ పోతుంటివి. మొదలువెట్టింది వాళ్లే గద?"

"నువ్వన్నది తప్పని నేనంటలేను. లెక్క జూస్తే నువ్వే గెలుస్తవ్. అది తప్పంటే నేను బతుకుడు తప్పయితది, నా బిడ్డలు తప్పయితరు. ఎట్లంట?" కాంటా గొలుసు పట్టుకున్నాడు. "గని న్యాయం అని మాత్రం నాతోని అనిపియ్యకు తల్లీ. నన్ను ఒక పలక మీద కూసోబెట్టిండ్రు. అవతల ఎవలను పెట్టిండ్రో నన్ను అడుగలే. నేను తూగింది అనలే. నన్ను అనుమనకు."

ఇంత మాట అతను ఎవరితోనూ ఎన్నడూ మాట్లాడలేదు. ఆ పిల్ల తలొంచుకుంది. కళ్లు తుడుచుకుని, పొట్లం బస్తా మీద పెట్టి, "సరే తాతా, నువ్వు రాకు" అంది.

అప్పుడు అతను పని మొదలుపెట్టాడు. పలక మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. మోకాలెత్తున అరచెయ్యి పెట్టి చూసుకుని కొన్ని ముద్దలు తీశాడు. నడుమెత్తున పెట్టి చూసుకుని మరికొన్ని తీశాడు. అంచనా కుదరక ఒక ముద్ద వేసి, ఇంకొకటి వేసి, పోనీ ఎక్కువే కానీ అని గొణుక్కుని రెండు మూటలు కట్టాడు. మనిషి లేకుండా మొక్కు తూచడమేమిటని సేటు లేచి వచ్చాడు. రాయమల్లు ముఖం చూసి కసరబోయి ఆగి, "తీస్కపో, నా దిక్కుకెల్లి అనుకో" అన్నాడు.

మూడో మూట పెద్దదయింది. దానికీ పసుపు రాసి బొట్టు పెట్టి, గోడవార చెక్క మీద ఆనించాడు. "ఇది ముసలామెది సేటు. మూడు మోసుకపోవుడు నా నడుముతోని కాదు. వచ్చే జాతరకు తీస్కపోత, ఎవ్వలకియ్యకు" అన్నాడు. మూటలు రెండూ భుజాలకెత్తుకుని, కొత్త అంగీ అక్కడే వదిలి, ఎల్లస్వామివాళ్ల వెనక బస్సుకు పోయాడు.

మర్నాడు శారద తనకొచ్చిన పక్షమే మాట్లాడింది, బాగా మాట్లాడింది, మొదటి బహుమతి కూడా ఇచ్చారు. సాక్షి ఏడమ్మా అని సారు అడిగితే "ఊరికి పోయిండు సార్" అంది. ఇంటికొచ్చి బహుమతి ఎవరికీ చూపించలేదు, అన్నం కూడా తినలేదు.

జాతర ముగిసేనాటికి ఎల్లస్వామి ఒక్కడే దుకాణం మెట్లెక్కాడు. అమ్మవార్ల గద్దెల దగ్గర తొక్కిసలాటలో కూడా మూటలు ఎవరికీ ఇవ్వకుండా రాయమల్లు తన చేతులతోనే వేశాడట. తర్వాత వాగు ఒడ్డున ఇసుకలో కూర్చుని, పొద్దున్నుంచి మొదటిసారి ఆకలైతాంది అన్నాడట. ఎల్లస్వామి అటుకులు కొనుక్కొచ్చేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. శవాన్ని సమ్మమ్మకు, అంటే అతని భార్యకు, అప్పగించి నేరుగా ఇటే వస్తున్నాడు. సేటు గల్లాపెట్టె మూసి, బజారులో అందరూ చూస్తుండగా బావురుమన్నాడు.

ఆ సాయంత్రం ఆలస్యంగా మొక్కు చెల్లించేవాళ్లెవరో నెక్కొండ నుంచి పరుగున వచ్చారు. దుకాణంలో ఒక్క ముద్ద మిగల్లేదు. "గోడకు గదేంది సేటు, గా మూట?" అని అడిగారు. సేటు చూశాడు, శారద వైపు కూడా చూశాడు. "అది వేరేటోళ్లది" అంది శారద, తండ్రి నోరు తెరవకముందే. వాళ్లు విసుక్కుంటూ వెళ్లిపోయారు. గోడవార చెక్క మీద ఆ మూట అలాగే ఉంది, రాసిన పసుపు ఎండి పెచ్చులు లేచింది, బొట్టు మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది.