పల్లంచేను సజ్జ

సూర్యుడు కనబడక ఆ పొద్దుకు తొమ్మిది దినాలు. మబ్బు కిందికి దిగి మానవపాడు దిక్కు చేలన్నిటినీ తడిగుడ్డ కప్పినట్టు కప్పింది. దశరథం పల్లంచేనులో దిగి పూతమీదున్న సజ్జకంకిని పట్టుకున్నాడు. వేళ్లకు బంక అంటింది. తేనె లెక్క, లేత ఎరుపు చుక్కలు. ఏ కంకి చూసినా అదే కారుతోంది.

రెండేండ్ల కింద భూమి పంచుకున్నప్పుడు, తేమ నిలుస్తుందని దశరథమే పట్టుబట్టి పల్లం తీసుకున్నాడు. మిట్టమీది ఎర్రచెల్క తమ్ముడు చిన్నయ్యకు పోయింది. ఆ చిన్నయ్యే ఇప్పుడు గట్టుమీద నిలబడ్డాడు.

"ఏందన్నా, తేనె పిండుతున్నవా? నా చెల్కల గాలి కొడ్తది, మంచు నిలువది. నువ్వేమో గీ గుంతల గాలి సొరకుండ ఒత్తుగ ఇత్తినవ్."

"నీ పని నువ్ చూస్కోరా" అన్నాడు దశరథం. తమ్ముని మాట మాత్రం లోపల దిగబడిపోయింది.

కోతనాటికి బంక గట్టిపడింది. గింజ ఉండాల్సిన చోట ఎలుకపెంటికల్లాంటి నల్లటి విషపు పలుకులు. ఉప్పునీళ్లలో పోస్తే అవి పైకి తేలుతాయి, తీసి పారేయొచ్చు. దశరథం భార్య రుక్కమ్మకు ఆ సంగతి తెలుసు. కాని యుద్ధం రోజులు, గద్వాల అంగట్లో ఉప్పే లేదు. ఆమె ఒళ్లో మూడు నెలల ఆడబిడ్డ.

"మరిదిని రెండు కుంచాల మంచి సజ్జ అడుగరాదు? పాలిచ్చేదాన్ని, గిది ఎట్ల తినాలె?"

"వాని వాకిట్ల నిలబడాల్నా? ఉత్తనీళ్లల్ల కడుగు, పోతది."

ఉత్తనీళ్లలో సగం కూడా తేలలేదు. మిగిలినవి చేటలో ఏరింది. విరిగిన ముక్కలు పిండిలో కలిసిపోయాయి.

నాలుగు దినాల రొట్టెలకే ఇద్దరికీ కండ్లు తిరిగాయి, కక్కుకున్నారు. రుక్కమ్మ కూర్చున్నచోటే మగతలో పడేది. ఐదోనాడు ఆమెకు పాలు ఎండిపోయాయి. బిడ్డ చప్పరించి చప్పరించి గొంతు పోయేదాకా ఏడ్చింది. మేకపాలు పడితే కడుపులో నిలువలేదు. రుక్కమ్మ మళ్లీ అడగలేదు. దశరథం ఇంకో రెండు దినాలు అరుగుమీదే కూర్చున్నాడు.

ఆ మర్నాడు గంప పట్టుకుని తమ్ముని ఇంటికి పోయాడు. చిన్నయ్య ఎగతాళి చేయలేదు. గంప నిండా పోస్తూ, "బిడ్డెట్లున్నది?" అన్నాడు.

"ఏడుస్తలేదు."

చిన్నయ్య చేతిలో కుంచం ఆగింది. "మొన్ననే రాకపోతివా అన్నా."

ఆ సజ్జ విసరకముందే బిడ్డ పోయింది.

అన్నదమ్ములిద్దరే తీసుకుపోయి పూడ్చి వచ్చారు. చావింట్లో పొయ్యి ముట్టించరు కనుక చిన్నయ్య భార్య హన్మమ్మ రొట్టెలు, పచ్చిపులుసు తెచ్చింది. నలుగురూ నేలమీద కూర్చున్నారు. హన్మమ్మ రొట్టె తుంచి రుక్కమ్మ చేతిలో పెట్టింది. రుక్కమ్మ తిన్నది. దశరథం తల ఎత్తకుండా తిన్నాడు.