డారిన్ తిరిగిచ్చిన పతకం

మా వంటింటి సొరుగులో సీసా మూతలు తిప్పే రబ్బరు ముక్క ఒకటుంది. దాని మీద డారిన్ హోల్బెక్ పేరు. గరాజ్‌లో వేలాడే కొలబద్ద మీదా అతని పేరే. మా రాష్ట్రంలో ఎన్నికల ఊరేగింపుల్లో అభ్యర్థులు తమ పేరేసి ఇలాంటివి పంచుతారు. మనిషిని మరిచిపోయినా వస్తువుని ఎవరూ పారెయ్యరు. అలా రబ్బరు ముక్కలు పంచే డారిన్ కౌంటీ కోశాధికారి అయ్యాడు, తర్వాత రాష్ట్ర కోశాధికారి అయ్యాడు. ఇప్పుడు వచ్చే ఎన్నికల్లో గవర్నర్ కుర్చీ మీద కన్నేశాడు. హైస్కూల్లో నా పక్క బల్ల అతనిది. లెక్కల పరీక్షలో నా పేపరు చూసి రాసేవాడు. అలాంటివాడికి ఖజానా అప్పజెప్పిన మాకు బుద్ధి లేదు.

కోశాధికారి పేరు మామూలుగా ఎవరికీ గుర్తుండదు. అందుకని డారిన్ ఒక దారి కనిపెట్టాడు. అద్దె కట్టని బ్యాంకు లాకర్లలో దొరికినవన్నీ చివరికి అతని ఆఫీసుకే చేరతాయి. వాటిని సొంతదారులకి ఇచ్చేటప్పుడు కెమెరాలు పిలిచి, తన జేబులోంచి తీసి ఇస్తున్నట్టు పళ్ళికిలిస్తాడు.

కిందటి మార్చిలో అతని ఆఫీసు నుంచి మాకు ఫోను వచ్చింది. మా తాత ఎవరికీ చెప్పకుండా అద్దెకు తీసుకున్న లాకర్లో డెల్ మావయ్య పర్పుల్ హార్ట్ దొరికిందట, యుద్ధంలో గాయపడినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అమెరికా సైన్యం ఇచ్చే పతకం. మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవయ్యేళ్ళకే వియత్నాం యుద్ధంలో పోయాడు. శవపేటిక తెరవనివ్వలేదు. ఆఖరిసారి వాణ్ణి ముట్టుకోలేకపోయానని అమ్మ జీవితమంతా అంటూనే ఉంది.

అమ్మకి ఎనభయ్యారేళ్ళు, చూపు పూర్తిగా పోయింది, వృద్ధాశ్రమంలో మంచం మీదే ఉంది. సంగతి చెప్పగానే లేచి కూర్చోబోయింది.

"దాని వెనకాల వాడి పూర్తి పేరు, డెల్మర్ అని చెక్కి ఉంటుందే లోర్నా. ఒక్కసారి వేలితో తడుముకుంటా. తొందరగా తీసుకురా తల్లీ."

ఆఫీసుకి ఫోను చేస్తే ఒకమ్మాయి తీయగా చెప్పింది. "పతకాలు స్టేట్ ఫెయిర్ తిరనాళ్ళలో, స్టేజీ మీదే ఇస్తామండీ. ఆగస్టులో. సార్ పద్ధతి అది."

జూన్‌లో అమ్మ తిండి తగ్గిపోయింది. నేను కారేసుకుని రాజధానికి వెళ్ళాను. డారిన్ చేతులు చాపుకుంటూ ఎదురొచ్చాడు.

"లోర్నా! ఏమాత్రం మారలేదు నువ్వు!"

"అమ్మ ఎక్కువ రోజులు ఉండేలా లేదు డారిన్. ఆ పతకం ఇటిచ్చెయ్యి, సంతకం పెట్టి తీసుకెళ్తా."

"వీరుడి పతకం! కవర్లో పెట్టి చేతికిచ్చేదా అది? అద్దాల ఫ్రేము చేయిస్తున్నా. బ్యాండుంటుంది, మాజీ సైనికులు వస్తారు..."

"అమ్మకి కళ్ళు కనపడవు. ఫ్రేమెవరికి?"

"జనానికి కనపడాలి కదా!" అన్నాడు, నాకు లోకజ్ఞానం లేనట్టు. "మీ అమ్మ గట్టి మనిషి. ఆగస్టు దాకా ఆగుతుంది చూడు."

నా ఒళ్ళు మండిపోయింది. అరిచాను, బతిమాలాను కూడా. బతిమాలినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అతను గడియారం చూసుకుని ఇంకెవరితోనో ఫొటో దిగడానికి వెళ్ళిపోయాడు.

ఆ నెలంతా అమ్మ కుడిచేతి బొటనవేలితో దుప్పటి అంచు తడుముతూనే ఉంది. "వచ్చిందా?" అని అడిగేది. జూలై మధ్యలో అడగడం మానేసింది. వారం తిరక్కుండానే పోయింది.

అంత్యక్రియల రోజు చర్చిలో శవపేటిక తెరిచి ఉంది. డారిన్ వచ్చాడు. ముఖానికి విచారం పులుముకుని, చంకలో ఫ్రేము పెట్టుకుని, వెనకాల ఫొటోగ్రాఫర్ని వెంటేసుకుని మరీ వచ్చాడు.

"రాష్ట్రం తరఫున," అంటూ కెమెరా వైపు తిరిగి ఫ్రేము నా చేతుల్లో పెట్టాడు.

నేను కెమెరా వైపు చూడలేదు. కారు తాళంచెవితో ఫ్రేము వెనక అట్ట చీల్చేశాను. పతకం తీసి అమ్మ చేతిలో పెడదామని. అది రాలేదు. గోళ్ళతో లాగినా రాలేదు.

"జిగురుతో అతికించారు," అన్నాడు డారిన్ గొంతు తగ్గించి. "ఫొటోల్లో వంకరగా పడకూడదని నేనే చెప్పా."

పేరున్న వైపు వెల్వెట్ గుడ్డకి అతుక్కుపోయి ఉంది.

"దీని వెనకాల ఎవరి పేరుంది డారిన్?"

అలవాటు ప్రకారం జవాబు కోసం పక్కకి చూశాడు. ఫ్రేము కింది అంచున ఇత్తడి రేకు అతని కంటపడింది. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు ఒక్కటే, 'డారిన్ హోల్బెక్, రాష్ట్ర కోశాధికారి'.

"డెల్మర్," అన్నాను. "స్కూల్లో అన్నీ నా పేపర్లో చూసే రాశావుగా. ఇది కూడా రాసుకో."

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు. డారిన్ టై సర్దుకుని, మాజీ సైనికులు కూర్చున్న వరస వైపు కరచాలనాలకి వెళ్ళాడు.

పాస్టర్ గారు ప్రార్థన ముగించి నాకేసి చూశారు. నేను తలూపాను. పేటిక మూసేటప్పుడు అమ్మ కుడిచెయ్యి ఖాళీగానే ఉంది.